గడ్డం మీద వేలు

టైలరు మెడ ఎడమ భుజం మీదికి తిరిగిపోయి ఏళ్లు గడిచాయి. మెదడు తప్పుడు ఆజ్ఞలిస్తే కండరాలు మెలితిరిగే జబ్బు, పేరు డిస్టోనియా అన్నారు డాక్టర్లు. కత్తెర పట్టుకుంటే గుడ్డ కనిపించదు, గుడ్డ చూద్దామంటే ఒళ్లంతా తిప్పుకోవాలి. అతని అన్నగారు మాత్రం దానికి నాటకమని పేరు పెట్టాడు. "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అని కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ కొట్టులో ఆయన చేసే పని కుర్చీ అరగదీయడమే.

పెద్దాసుపత్రిలో కొత్త వైద్యాన్ని పరీక్షిస్తున్నారు. మెదడులోకి సన్నని తీగలు దింపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెడతారు. మొదటి మూడు నెలలు కొందరికే కరెంటు ఇస్తారు. ఎవరికిచ్చారో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకీ తెలియదు. టైలరు ఒప్పుకున్నాడు. మళ్లీ తిన్నగా గుడ్డ కత్తిరించాలన్నదొక్కటే అతని ఆశ.

ఆపరేషన్ అయ్యాక అన్నగారు మాట మార్చేశాడు. "నేనే దగ్గరుండి చేయించా. సగం తగ్గిపోయింది, చూడండి!" అని ఊదరగొట్టాడు. చూసినవాళ్లూ తలలూపారు. తగ్గలేదని టైలరంటే, "నీకేం తెలుసురా?" అన్నాడు. తన మెడ సంగతి తనకే తెలియదట! ఇలాంటివాడికి తమ్ముడిగా పుట్టినందుకు టైలరుకి ఒళ్లు మండిపోయింది.

మూడు నెలలయ్యాక, మెడ ఎంత తిరుగుతోందో చూడ్డానికి ఆసుపత్రివాళ్లు వీడియో తీసే రోజు అన్నగారు ఇస్త్రీ చొక్కాతో తయారయ్యాడు. గడ్డానికి వేలు ఆనిస్తే టైలరు మెడ కాసేపు నిటారుగా నిలుస్తుంది. ఈ జబ్బులో అదొక చిత్రం. అది ఇంట్లోవాళ్లకి తెలుసు.

"వేలు పెట్టరా, అందరికీ తగ్గిందని చెప్పుకున్నా. నా పరువు పోతుంది," అని గుసగుసలాడాడు.

"నీ పరువు కోసం కాదు నా బుర్రకి చిల్లులు పెట్టించుకుంది," అంటూ టైలరు రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. కెమెరా ముందే మెడ మెలితిరిగింది.

పరీక్ష ముగిశాక, బ్యాటరీ చూసే డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. "ఇన్నాళ్లూ మీకు కరెంటు ఇవ్వలేదండీ. ఇవాళే మొదలుపెడుతున్నాం. గుణం కనబడ్డానికి టైం పడుతుంది."

అన్నగారి మొహం మాడిపోయింది. టైలరు పగలబడి నవ్వాడు.

నెలలు గడిచేకొద్దీ మెడ దారికొచ్చింది. ఒక పొద్దున్న టైలరు బల్ల ముందు నిలబడి, సుద్దగీతను తిన్నగా చూస్తూ దాని వెంటే కత్తెర నడిపాడు. గుడ్డ గీత మీదే తెగింది. అంతలో అన్నగారు నలుగుర్ని వెంటేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"నేను చెప్పలా? అంతా నా చలవే! ఇటు చూడరా తమ్ముడూ, వీళ్లు చూస్తారు."

టైలరు తలెత్తి, అన్నగారి మొహంలోకి సూటిగా చూశాడు. తర్వాత నింపాదిగా, తన ఇష్టప్రకారం, మెడ ఎడమ పక్కకి తిప్పుకున్నాడు.