పుట్టకురుపు

మా బావ ముత్యాలయ్య ఆ పుట్టను పగలగొట్టింది చేపలు ఆరబోసేదానికి చోటు చాలకనే. పులికాటు సరస్సు ఒడ్డున మా జాలర్ల కుప్పంలో మెరక నేల తక్కువ. ఉన్న కాస్త మెరక మీద, తాడిచెట్ల పక్కన, మోకాలెత్తు పుట్ట ఒకటి ఉండేది. బావ పార తీసుకుని దాన్ని చదును చేసినాడు. పాము రాలేదు. చెదలు మాత్రం తెల్లగా పొర్లినాయి. మా అక్క గురవమ్మ వాటిని చీపురుతో పక్కకు ఊడ్చి, ఆ సాయంత్రమే చేపలు ఆరబోసింది. నిజానికి బావది చేపల కంటే ఎండ్రకాయలు, అదే పీతలు, పట్టడంలో తిరిగిన చెయ్యి. బురదలో బొరియ చూసి చెయ్యి పెట్టేవాడు. లాగినదాన్ని లాగినట్టే పెద్దకాళ్లు రెండూ విరిచి తట్టలో వేసేవాడు, ఒకదాన్నొకటి కొరుక్కోకుండా.

చైనావాళ్లతో యుద్ధం వచ్చిన ఏడు అక్క రొమ్ములో గడ్డ లేచింది. ఆ మాట తమ్ముడితో చెప్పుకునేది కాదు గదా. నా భార్య పేరమ్మకు చెప్పింది, పేరమ్మ నాకు చెప్పింది. నొప్పి లేదని అక్క పట్టించుకోలేదు. వానలు వెనకబట్టేసరికి గడ్డ పగిలి రసి కారడం మొదలుపెట్టింది. కుప్పంలో కాన్పులు చేసే ముసలామె వచ్చి చూసి, బయటికొచ్చి చేతులు కడుక్కుంటా, "పుట్టకురుపు" అనింది.

బావ గడప పక్కన వల బాగుచేస్తా ఉండినాడు. ఆ మాట విని, దారం చేతిలో అట్లే పట్టుకుని, మెరక దిక్కు చూసినాడు. ఎవరూ ఆయన్ను తప్పు పట్టలేదు. ఆయనే మీదేసుకున్నాడు.

తెల్లారి పడవలో బంకమట్టి తెచ్చి, చదును చేసిన చోటే మళ్లీ పుట్ట కట్టినాడు. వేలితో కన్నాలు కూడా పెట్టినాడు. పాలు పోద్దామంటే మా కుప్పంలో పాడి లేదు. దొరవారిసత్రం దిక్కు రైతుల ఊళ్లకు నడిచిపోయి, చేపలిచ్చి పాలు తెచ్చేవాడు. అక్కడ హజరత్తయ్య అనే రైతు ఊరుకునే రకం కాదు.

"ఏందయ్యా ముత్యాలయ్యా, ఈ వయసులో ఇంట్లో చంటిబిడ్డా?"

"బిడ్డకు కాదన్నా, పుట్టకు."

"పుట్టకు నాగులచవితికి పోస్తారు గానీ రోజూనా? బలిసిపోతాదయ్యా మీ పుట్ట!"

బావ నవ్వలేదంట. రోగం సంగతి తెలిసుంటే ఆ మాట అనుండనని హజరత్తయ్యే తర్వాత నాతో చెప్పి బాధపడినాడు.

ఒకరోజు నేనే కదిలించినాను. "బావా, సూళ్లూరుపేటలో ప్రేమలీలగారని లేడీ డాక్టరు ఉండాది. అక్కను తీసకపోదాం."

"తీసకపోతే ఏం చేస్తాది?"

"కొయ్యాలంటాదేమో."

"అదేరా నా భయం. ఒకసారి నేను పారతో పగలగొట్టినాను. మళ్లీ ఆమె కత్తితో పగలగొడితే అది ఊరుకుంటాదా? మనిషినే తీసకపోతాది."

"అది మనిషి ఒళ్లు బావా. పుట్ట కాదు."

"మరి పెద్దోళ్లు ఆ పేరెందుకు పెట్టినారురా? ఊరికే పెడతారా?"

నా ఐదో తరగతి చదువులో ఆ పాఠం లేదు. లోపల పడుకున్న అక్క అందుకునింది. "ఆ పాలేవో నాకు తాపినా కాస్త కండ పట్టేది గదయ్యా."

అక్క చెయ్యి వాచి, తట్ట ఎత్తలేని రోజు వచ్చినాక బావ దిగొచ్చినాడు. చూపించేదానికి మాత్రమే, కొయ్యనిచ్చేది లేదన్నాడు.

ప్రేమలీలగారు అక్కను లోపల చూసి వచ్చి, ఇన్నాళ్లూ ఏం చేసినారని అడిగింది. బావ పారతో మొదలుపెట్టి పాల దాకా అంతా చెప్పినాడు. ఆమె కోప్పడలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చున్నది.

"చూడు ముత్యాలయ్యా. పుట్ట వల్ల వచ్చిందని కాదు ఆ పేరు. పైకి లేచి, నోళ్లు పడి, పుట్ట మాదిరి కనబడుతుందని పెట్టుకున్నారు. పోలిక, అంతే. మోకాలి చిప్ప అంటాం. చిప్పలోంచి వచ్చిందా మోకాలు?"

"అంటే నేను పగలగొట్టినందుకు కాదామ్మా?"

"కాదు. నువ్వు దాని జోలికి పోకపోయినా వచ్చేది."

"ఒట్టేనా అమ్మా?"

"ప్రభువు తోడు."

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అన్ని నెలల తర్వాత ఆయన నడుం నిలబెట్టి కూర్చోవడం చూసినాను. ఆ సంతోషంలోనే ఇంకో మాట అడిగినాడు. "మరి మీ ఇంగ్లీషులో దీన్ని ఏమంటారమ్మా?"

"కేన్సరు."

"అంటే?"

"అదీ పోలికే. వెనకటికి గ్రీకు దేశపు వైద్యులు కురుపు చుట్టూ ఉబ్బిన నరాలు చూసి, కాళ్లు చాపుకున్న ఎండ్రకాయ లాగుందని ఆ పేరు పెట్టారు. వాళ్లకు ఎండ్రకాయ కనబడింది, మనవాళ్లకు పుట్ట కనబడింది. రోగం ఒకటే. ఈ వారంలోనే మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపో. కోసి తీస్తే బతుకుతుంది. ఆలస్యమైతే చెప్పలేను."

బావ తల ఊపినాడు. ఆయన చూపు తన చేతుల మీద ఉండింది.

పడవలో తిరిగొస్తా, "ఎన్ని కాళ్లు విరిచుంటానురా నేను?" అన్నాడు.

"పోలికని చెప్పింది గదా బావా."

"పుట్టంటే పోలికే, ఒప్పుకుంటా. కానీ ఎక్కడో ఉండే గ్రీకోళ్లు, మన మొహం చూడనోళ్లు, వాళ్లకు కూడా ఎండ్రకాయే ఎందుకు కనబడిందిరా? నేను చేసే పని వాళ్లకెవరు చెప్పినారు?"

అక్క పడవ అంచుకు ఆనుకుని కళ్లు మూసుకునుండింది. "పుట్టంటే పాలు పోసినావు. ఎండ్రకాయకేం పోస్తావయ్యా? చింతపులుసా?"

నేను నవ్వినాను. బావ నవ్వలేదు.

గంగమ్మ జాతర దాకా ఎండ్రకాయ ముట్టనని మొక్కుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఇతరులు పట్టిన వాటిని చేపలిచ్చి తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేవాడు. కుప్పంలో నవ్వుకున్నారు. జాతరైనాకే మద్రాసు అన్నాడు. పేరమ్మ మొహం మీదే అడిగింది.

"అన్నా, డాక్టరమ్మ వారమనింది. నువ్వు జాతరంటావు."

"రైలు రోజూ ఉంటాదమ్మా. జాతర ఏడాదికొకసారి."

నేను అక్క దగ్గర కూర్చున్నాను. "నువ్వు చెప్పక్కా. నీ మాటైతే వింటాడు."

"వింటాడురా. ఆయన మనసు నిదానపడకుండా రైలెక్కితే, అక్కడ నాకేమన్నా అయితే, ఆయన ఇంక మనిషిగా మిగలడు. జాతర కానియ్యి."

జాతర అయింది. మద్రాసు పోయినాం. అక్కడి పెద్ద డాక్టరు అక్క కడుపు ఒత్తి చూసి, కాలేయానికి పాకిందని, కోసేదానికి ఇంక వీల్లేదని, ఇంటికి తీసకపొమ్మన్నాడు. బావ మళ్లీ అడిగినాడు. ఆయన మళ్లీ అదే చెప్పినాడు.

తిరుగు రైల్లో అక్క కిటికీలోంచి చూస్తా, "ఎండ్రకాయల పులుసు తినాలనుంది" అనింది.

మరుసటి రోజు బావ బురదలోకి దిగినాడు. రెండు ఎండ్రకాయల్ని తడిగోనెలో చుట్టి తెచ్చినాడు. వేలికి గుడ్డపేలిక కట్టుంది, రక్తం ఊరతా ఉంది. పేరమ్మ పులుసు పెట్టింది. అక్క నాలుగు మెతుకులు కలుపుకుని, ఆయన వేలు చూసింది.

"కాళ్లు విరవకుండా తెచ్చినావా? పిచ్చోడా."

ఎండలు ముదరకముందే అక్క పోయింది.

ఆ తర్వాత ప్రేమలీలగారు టీకాలు వేసేదానికి మా కుప్పం వచ్చింది. గురవమ్మ ఎట్లుందని అడిగింది. చెప్పినాను. మద్రాసు ఎప్పుడు పోయినారని అడిగింది. అదీ చెప్పినాను, ఎండ్రకాయల సంగతితో సహా. ఆమె పుట్ట ఎక్కడుందో చూపించమనింది. బావ ముందు నడిచినాడు.

వానలకు బావ కట్టిన మట్టిలో నిజం చెదలు చేరినాయి. మోకాలెత్తు దాటి, వాటంతటవే పైకి కడతా ఉన్నాయి. వేలితో పెట్టిన కన్నాలు పూడిపోయి, వేరేచోట కొత్తవి పడినాయి.

"రెండో పేరు నేను చెప్పకుండా ఉండాల్సింది" అనింది ఆమె.

"అడిగింది నేను గదమ్మా."

బావ తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "మొదట్లో ఆ ముసలామె ఉత్త కురుపని చెప్పుంటే, ఆరోజే మీ దగ్గరికి తెచ్చుందును. ఏ పేరూ లేకుంటే నాకీ ఆలోచనలేవీ తోచుండేవి కాదు."

ఆయన వంగి, పుట్ట మొదట్లో పడున్న తాటిమట్టను తీసి అవతల వేసినాడు.

ఆ పుట్ట అట్లే ఉండాది, ఇప్పటికీ మాకు చేపలు ఆరబోసేదానికి చోటు చాలదు.