బీ బ్యాచ్

"చెయ్యి తియ్! నువ్వు బీ బ్యాచ్. చూడు, రాసుకో. ముట్టకు!"

స్కేలు దెబ్బ దేవదాస్ మణికట్టు మీద పడింది. మోటారు మూత మీద పెట్టిన చేతిని అతను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ల్యాబులో అరవై నాలుగు మంది ఉన్నారు. ఎలక్ట్రికల్ విభాగానికి పెద్దయిన దశరథం సారు స్కేలు దించి, ఏమీ జరగనట్టు ముందు నిలబడ్డ ఏ బ్యాచ్ వైపు తిరిగి ఇంగ్లీషులో పాఠం అందుకున్నాడు.

వెనక వరసలోంచి తిరుమల అంతా చూసింది. ఆమె తండ్రి మందమర్రి బొగ్గుగనిలో కాంట్రాక్టు కార్మికుడు. తెలుగు మీడియంలో చదివి, పాలిటెక్నిక్ దాటి ఈ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చింది. మొదటి వారం పెట్టిన ఇంగ్లీషు పరీక్షతో క్లాసును రెండు ముక్కలు చేశారు. బీ బ్యాచ్ జాబితాలో ఇరవై ఆరు పేర్లు. ఉట్నూర్ గూడేల వాళ్లు, నస్పూర్ కార్మిక కాలనీల వాళ్లు, వ్యవసాయం చేసుకునే ఇళ్ల వాళ్లు. ఏ బ్యాచ్ యంత్రాలు విప్పి నేర్చుకుంటుంది. బీ బ్యాచ్ వెనక నిలబడి చూస్తుంది. "మీరు ముడితే సామాను ఖరాబైతది" అనేది సారు చెప్పే కారణం.

ఆ నెలలోనే కరీంనగర్ నుంచి అంబ్రీన్ మేడం కాంట్రాక్టు లెక్చరర్‌గా వచ్చింది. బీ బ్యాచ్ మంచిచెడ్డలు చూసే మెంటార్ ఆమేనన్నారు. మొదటి రోజే కుర్చీ లాక్కుని పిల్లల మధ్య కూర్చుంది.

"ఇంగ్లీషు రాదని ఫికర్ చెయ్యకుండ్రి. తెలుగుల అడుగుండ్రి, గోండిల అడుగుండ్రి. నాకు రాకుంటే జర మీరే నేర్పుండ్రి."

అందరూ నవ్వారు. తిరుమల నవ్వలేదు. ఆమె చూపు మేడం చేతిలోని మెంటార్ డైరీ మీద ఉంది. విద్యార్థి ఎవరితో తిరుగుతాడు, ఏ మీటింగుకు పోతాడు, ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు, అన్నిటికీ అందులో గడులు గీసి ఉన్నాయి.

"మా బాపు పనిచేసే గని కాడ గిట్లనే ఒకడు తీయగ కష్టసుఖం అడిగిండు" అంది దేవదాస్‌తో. "వారం తిరగకముందే ముగ్గురిని పనిల నుంచి తీసేసిండ్రు. గీమె ఎవలి మనిషో మనకేం ఎరుక?"

"మనల మనుషుల లెక్క చూసింది గదా. చూద్దాం తియ్" అన్నాడు దేవదాస్.

మరునాటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ మేడం ల్యాబు తలుపు తీసేది. ఒకరోజు పాడైపోయిన మోటారొకటి బల్ల మీద పెట్టి, "ఎవలన్న చెప్పుండ్రి, దీనికేమైంది?" అంది. దేవదాస్ ఇరుసును వేళ్లతో తిప్పి చూశాడు. ఊళ్లో పంపు మోటార్లు బాగుచేసిన చెయ్యి అది. "బేరింగ్ పోయింది" అన్నాడు. మేడం పక్కకు జరిగి సుద్దముక్క అతని చేతికిచ్చింది. సగం గోండిలో, సగం తెలుగులో అతను చెబుతుంటే ఏ బ్యాచ్ సాగర్ కూడా వచ్చి కూర్చున్నాడు. సాగర్‌కు ఇంగ్లీషు వచ్చు, మోటారు రాదు. తిరుమల మొదటిసారి తన చేత్తో రాగితీగ చుట్టింది. సాయంత్రం దాకా ఆ వేళ్లు చూసుకుంటూనే ఉంది.

అయినా ఇంటి సంగతులు మేడం అడిగితే తిరుమల "మంచిగనే ఉన్నరు" అని ఊరుకుంది. దేవదాస్ మాత్రం స్కేలు దెబ్బ సంగతి అందరి ముందూ చెప్పాడు, ఉట్నూర్ గిరిజన సంక్షేమ ఆఫీసుకు కాగితం రాస్తానన్నాడు.

ఆ మాటన్న మూడో రోజు దశరథం సారు అతన్ని పిలిపించాడు. "నా మీద కాయితం రాస్తవా? నీకు హాజరు తక్కువుంది. పరీక్షకు కూసోనియ్య."

"రోజు వచ్చిన సార్."

"రిజిస్టర్ల లేదు."

ఆ సాయంత్రం హాస్టల్ మెస్‌లో ఇరవై ఆరు మందీ గుమిగూడారు. సాగర్ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"గీ ఏ బ్యాచోడు ఎందుకొచ్చిండు?" అని ఒకరు అరిచారు. "సారుకు మేడమే చెప్పింది, ఇంకెవలు చెప్తరు?" అని ఇంకొకరు. అప్పుడే అంబ్రీన్ లోపలికి వచ్చింది. తిరుమల లేచి ఎదురుగా నిలబడింది.

"మీరు ఎవలి మనిషి మేడం?"

అంబ్రీన్ డైరీ తెరిచి బల్ల మీద పెట్టింది. పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. "ఒక్క పేరు కూడ రాయలే. పొద్దున సారోళ్లు అడిగిండ్రు, రాయనని చెప్పిన."

"మరి సారుకెట్ల తెలిసింది?"

గుమ్మం దగ్గర సాగర్ తల దించుకున్నాడు. "నేనే చెప్పిన. మంచి ప్రాజెక్టు ఇస్తనన్నడు. దేవదాస్‌ను పరీక్షకు రానియ్యడనుకోలే."

నలుగురు అతని మీదికి ఉరికారు. దేవదాస్ అడ్డం పడ్డాడు. "వీన్ని కొడితే సారు ఖుష్ అయితడు. గాయనకు కావల్సింది గదే. మనం ఒకల్నొకలం అనుమానించుకుంటుంటే రెండు లిస్టులు గట్లనే ఉంటయ్."

తిరుమల మేడం వైపు తిరిగింది. "తెల్ల డైరీ సాలదు మేడం. రేపు ల్యాబుల లిస్టు చింపుతం. మాతోని వస్తరా?"

"వస్త. నౌకరీ పోతది, పోనీ."

డైరీ రాయనన్నందుకు తెల్లారేసరికి నౌకరీ పోయింది. మేడంను గేటు దగ్గరే ఆపేశారు. ఆమె తిరిగి వెళ్లలేదు, గేటు ముందు నేల మీద కూర్చుంది. ఇరవై ఆరు మంది ల్యాబుకు నడిచారు. వాళ్ల వెనక ఏ బ్యాచ్ నుంచి ఒకరు, ఇద్దరు, తర్వాత పదిమంది. జాబితా చింపి బల్లలన్నీ కలిపేశారు. దేవదాస్ పాఠం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి దేవదాస్‌నూ తిరుమలనూ వ్యాన్ ఎక్కించారు.

స్టేషన్లో ఎస్ఐ తెల్లకాగితం తిరుమల ముందుకు తోశాడు. "మిమ్మల్ని ఎగదోసింది గా మేడమే గదా? పేరు రాసి ఇంటికి పో."

నాలుగు రోజుల కింద అయితే ఎవరూ అడగకుండానే ఆ పేరు రాసేది. తిరుమల కాగితం దగ్గరికి లాక్కుంది. క్లాసుకు ఒకటే లిస్టు ఉండాలి. దేవదాస్ పరీక్ష రాయాలి. మాకు అర్థమయ్యే మాటలో పాఠం చెప్పాలి. అంబ్రీన్ మేడం తిరిగి రావాలి. రాసి వెనక్కి తోసింది.

"పేరేది?" ఎస్ఐ గద్దించాడు.

"గదే సార్, గింతే."

అప్పుడే బయట గోల లేచింది. కిటికీలోంచి చూస్తే కాలేజీ పిల్లలు, వాళ్ల పక్కన గని దుస్తుల్లోనే వచ్చిన కార్మికులు. అందరికన్నా ముందు సాగర్ గొంతు చించుకుంటున్నాడు.

"రెండు లిస్టులు!"

ఆ గొంతును తిరుమల ఇంకా నమ్మలేదు. అయినా లేచి నిలబడి, స్టేషన్ గోడలు అదిరేటట్టు జవాబిచ్చింది.

"రద్దు చెయ్యాలె!"