అరువు ఆటగాడి మీద రిపోర్టు

మా కోచ్ తౌనోకి నోరు పెగలదు. మా ఊరు హాపసల్మిలో ఎవరికీ పెగలదనుకోండి, కానీ మిగతావాళ్ళం కనీసం చలినైనా తిడతాం. అతను ముప్ఫై ఏళ్ళుగా మా ఊరి ఐస్ హాకీ జట్టుకి కోచ్. నేను, అంటే హెల్విని, అదే జట్టులో ఇరవై ఆరేళ్ళుగా స్కేట్లకు సాన పట్టే మనిషిని. ఇన్నేళ్ళలో అతను ఒక్క ఆటగాణ్ణి "బాగా ఆడావు" అనగా నేను వినలేదు. మరీ నచ్చేస్తే "ఫర్వాలేదు" అంటాడు. పెళ్ళానికి కవలలు పుట్టినప్పుడు ఆసుపత్రికి వెళ్ళి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఫర్వాలేదు" అన్నాడు. ఆవిడ ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని మురిసిపోతుంది.

అలాంటి మనిషి చేతిలో అమెరికా క్లబ్బువాళ్ళు ఒక కుర్రాణ్ణి పెట్టారు. పేరు కోల్బీ పెట్రిషిన్. పందొమ్మిదేళ్ళు, కెనడాలో గోధుమ పొలాల వైపు వాడు. ఆ పెద్ద క్లబ్బు వాణ్ణి ఎంచుకుంది గానీ, ఇంకా పచ్చిగా ఉన్నాడు, కాస్త రాటుదేలి రమ్మని ఒక సీజనుకి మాకు అరువిచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పిలిపించుకునే హక్కు వాళ్ళదే. ప్రతి సోమవారం కుర్రాడు ఎలా ఎదుగుతున్నాడో కోచ్ రిపోర్టు పంపాలి. అదొక్కటే షరతు.

కుర్రాడు బంగారం. మొదటి వారం మేం బట్టల్లేకుండా కూర్చునే సౌనా ఆవిరి గదిలోకి ఈత నిక్కరు వేసుకుని వచ్చి మావాళ్ళందరి కడుపు చెక్కలు చేశాడు గానీ, మంచు మీదికి దిగాక ఎవరూ నవ్వలేదు. రబ్బరు బిళ్ళ వాడి కర్రని వదిలేది కాదు. మా గోల్సులో సగం వాడివే. అయినా మార్చి వచ్చేసరికి మా బతుకు సీజన్లో చివరి శనివారం ఆట మీదికి వచ్చింది. గెలిస్తే ఈ లీగులో ఉంటాం, ఓడితే కింది లీగులో పడతాం. కింద పడితే ఇక జట్టు మూసేయడమే అని పాలకవర్గం ముందే చెప్పేసింది. మా ఊళ్ళో ఉన్నవే రెండు, కాగితం మిల్లూ ఐస్ హాలూ. మిల్లు ఎప్పుడో మూతపడింది.

ఆ ఆటకి ముందు సోమవారం సాయంత్రం అమెరికా నుంచి డ్వేన్ ఫోన్ చేశాడు. అరువిచ్చిన కుర్రాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగం అతనిది. తౌనో ఫోనెత్తడు కాబట్టి నేనెత్తాను. ఇరవై రెండు వారాల రిపోర్టులూ చదివామనీ, కుర్రాడు మా దగ్గర ఒక్క అంగుళం ఎదగలేదని అర్థమైందనీ, గురువారం విమానంలో వాణ్ణి వేరే దేశం జట్టుకి పంపేస్తామనీ చాలా మర్యాదగా చెప్పాడు. ఫైలు తీసి చూస్తే ఇరవై రెండు కాగితాల మీదా ఒకటే మాట, ఫర్వాలేదు.

"నీకసలు బుద్ధుందా?" అన్నాను తౌనోతో.

"నిజమే కదా రాశాను."

"వాళ్ళ దగ్గర ఫర్వాలేదంటే పనికిరాడని, తౌనో. అక్కడ కాఫీ వేడిగా ఉంటేనే అద్భుతం అంటారు."

అంత మెచ్చుకుని రాస్తే ఇలా అర్థం చేసుకుంటారా అని తౌనో నిజంగానే బాధపడ్డాడు. సరే, ఇప్పుడు గట్టిగా పొగిడి ఒక పేజీ రాయమన్నాను. నా సాన గదిలో కూర్చుని ముప్పావుగంట కుస్తీ పడి, "బిళ్ళని పోగొట్టుకోడు" అని రాశాడు. నేనేమైనా తక్కువ తిన్నానా అని పెన్ను లాక్కున్నాను. నాకు తోచింది "టైముకి వస్తాడు." ఆ రెండు వాక్యాలనీ చూసుకుంటూ ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.

చివరికి కోల్బీనే పిలిచి, విషయం చెప్పకుండా, బాగా ఆడినప్పుడు మీ ఊరి కోచ్ ఏమనేవాడని అడిగాం. వాడు లేసులు కట్టుకుంటూ గడగడా చెప్పుకుపోయాడు. ఒకసారి ఆట అయ్యాక నీలాంటివాణ్ణి నా జన్మలో చూడలేదన్నాడట. నీది సింహం గుండె అన్నాడట. నువ్వు లేకపోతే ఈ జట్టే లేదన్నాడట.

"ఎన్ని గోల్స్ కొట్టావేంటి?" అన్నాడు తౌనో.

"ఒక్కటీ లేదు కోచ్. ఆ రోజు మేం ఓడిపోయాం."

తౌనో అవన్నీ రాశాడు. చెమటలు పట్టి, మార్చి చలిలో కిటికీ తెరిపించాడు. సింహం దగ్గర ఆగిపోయి కాగితం చింపబోతే నేను లాక్కుని, టైపు చేసి, పంపించేశాను.

గంటలో డ్వేన్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఆనందం పట్టలేకపోతున్నాడు. వాళ్ళ పెద్ద జట్టులో ఇద్దరు దెబ్బలు తగిలి పడుకున్నారట. కుర్రాడు ఇంత వాడైపోయాడంటే ఇంకా అరువెందుకు, గురువారం దాకా ఆగడమెందుకు, రేపే పంపించండి, శనివారం ఇక్కడే ఆడిస్తాం అన్నాడు. నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపించింది.

మర్నాడు బస్టాండులో కోల్బీ పరుగున వచ్చి తౌనోని కావలించుకున్నాడు. ఆ రిపోర్టు డ్వేన్ వాడికి పంపించాడట. "మీకు నేనంటే గిట్టదనుకున్నాను కోచ్, ఇన్నాళ్ళూ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. తౌనో కొయ్యలా నిలబడి, బస్సుకి టైమవుతోందన్నాడు.

శనివారం ఆటకి ముందు మావాళ్ళ గది శవం లేచిన ఇల్లులా ఉంది. ఇరవై మంది మగాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. తౌనో బోర్డు మీద గీత గీయబోయి ఆగిపోయాడు. స్కేట్లు అందిస్తున్న నాకు ఒళ్ళు మండింది.

"ఆ కుర్రాడికి పేజీ నిండా రాశావు," అన్నాను. "వీళ్ళకి ఇన్నేళ్ళలో ఒక్క ముక్క చెప్పావా?"

తౌనో జేబులోంచి, నేను టైపు చేసి పడేసిన ఆ రిపోర్టు చిత్తుకాగితం తీశాడు. గోలు కాచే ఇల్పో వైపు తిరిగి, "నీలాంటివాణ్ణి నా జన్మలో చూడలేదు," అని చదివాడు. ఇల్పో పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఆడుతున్నాడు. ఎవరినంటున్నాడా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది. సింహం గుండె ఇంకొకడికి వెళ్ళింది. కాగితం అయిపోయింది గానీ తౌనో ఆగలేదు. విరిగిన వేలితో ఎవరు ఆడారో, అడవి పని దిగి నలభై కిలోమీటర్లు మంచులో ఎవరు వస్తారో, తండ్రి పోయిన వారం కూడా ప్రాక్టీసు మానని వాడెవడో, ఒక్కొక్కరి పేరు పెట్టి చెప్పాడు. ఇవన్నీ చూస్తూనే ఉన్నాడన్నమాట. "నువ్వు గోల్లో ఉన్నావంటే ఆ రోజు నేను నిద్రపోగలను," అన్నాడు మళ్ళీ ఇల్పోతో.

ఇల్పో గొంతు తగ్గించి అడిగాడు. "కోచ్, డాక్టరేమన్నాడు?"

డాక్టరుతో నాకేం పని, వెళ్ళి ఆడండని తౌనో విసుక్కున్నాడు. దాంతో అందరికీ రూఢి అయిపోయింది. మా దగ్గర మనిషి అన్ని మాటలు మాట్లాడాడంటే పోయేముందే. అది కాదని నేను చెప్పొచ్చు. నోరు మూసుకున్నాను.

కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ ఆడారు వెధవలు. ఇల్పో గోలు మీదికొచ్చిన నలభై ఒక్క దెబ్బలు ఆపాడు. రెండుకి ఒకటితో గెలిచాం, లీగులో నిలిచాం. ఆట అయ్యాక తౌనోని మెట్లెక్కనివ్వలేదు. దుప్పటి కప్పి, గుడ్లబుట్ట మోసినట్టు మోసుకెళ్ళారు. అతను తిడుతుంటే పాపం ఓపిక చేసుకుని తిడుతున్నాడనుకున్నారు.

సోమవారం ముగ్గురు కలిసి బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. మధ్యాహ్నం ఇల్పో నాకు ఫోన్ చేశాడు.

"హెల్వీ, ఆయనకేమీ లేదట. బీపీ కూడా లేదట." గొంతులో కాస్త నిరాశ కూడా ఉంది. "మరి శనివారం ఆ మాటలన్నీ ఎందుకన్నాడు?"

"నిజం కాబట్టి అన్నాడురా."

అటువైపు ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

"నా గురించి అన్నది ఇంకోసారి చెబుతావా?" అన్నాడు. "అప్పుడు ఆయన పోతున్నాడన్న దిగుల్లో సరిగ్గా వినలేదు."

చెప్పాను.