గుట్టు విప్పిన బండి ఱ

తెరేసాకి సస్పెన్స్ నవలంటే ప్రాణం. అందులోనూ పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఏ పాడుబడ్డ బంగళాలోనో చిక్కుకుని తప్పించుకునే కథైతే అన్నం కూడా అక్కర్లేదు. యానాంలో ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. నవల చివరి యాభై పేజీల్లో ఉందంటే, ఆ వారం జాకెట్లకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

అలాంటి మనిషికి మూడు నెలలుగా ఎవరో నరకం చూపిస్తున్నారు. లైబ్రరీ నుంచి ఏ పుస్తకం తెచ్చుకున్నా, కథ రసకందాయంలో పడేసరికి పక్కన పెన్సిలు రాత ప్రత్యక్షం. ఒకదాంట్లో "ఈ పిల్ల చావదు". ఇంకోదాంట్లో "దొంగ డ్రాయింగు మాస్టారే". చూడకుండా ఉందామంటే కళ్లు ఊరుకుంటాయా? దొంగెవరో తెలిశాక మిగతా పేజీలన్నీ చల్లారిన పెసరట్టే. రోజంతా మిషను తొక్కే తనకున్న సుఖం ఇదొక్కటి. దాన్నీ దోచేస్తుంటే నిజంగానే ఏడుపొచ్చేది. "ఎవరి చెయ్యి పడిపోనూ" అని తిట్టి, వెంటనే యేసయ్యకి క్షమాపణ చెప్పుకునేది.

ఈసారి నవలలో నలుగురు స్కూలు పిల్లలు పడవెక్కి తప్పిపోయారు. నూట పన్నెండో పేజీలో తుఫాను మొదలైంది. నూట పదమూడులో పెన్సిలు: "పిల్లల గుఱించి బెంగ వద్దు. నలుగురూ క్షేమం."

పుస్తకం విసిరేయబోయి ఆగింది తెరేసా. గుఱించి! బండి ఱ! అచ్చులో కూడా కనబడని ఆ అక్షరాన్ని ఇంకా పట్టుకు వేలాడే మనిషి యానాం మొత్తానికి ఒక్కరే. ఏడో తరగతిలో దాని బదులు మామూలు ర రాసినందుకు తనచేత వందసార్లు దిద్దించిన తెలుగు మాస్టారు పాపారావుగారు. కత్తెర పక్కన పడేసి, అరగంటలో అగ్రహారంలో ఆయన గుమ్మంలో ఉంది.

మాస్టారు బజారుకెళ్లారు. ఆయన భార్య కామేశ్వరి తలుపు తీసింది. తెరేసా పేజీ చూపించి కడిగేసింది. "గురువుగారని ఊరుకోనండి. ఇయ్యాల తాడోపేడో తేలిపోవాలి!"

"అరవకే తల్లీ. అయ్యి నాకోసం రాత్తారు. నాకు బీపీ కదా, పిల్లలకి ఆపదొచ్చిందంటే చేతులు వణుకుతాయి. అందుకని ముందు తను చదివి, భయమున్న చోటల్లా ధైర్యం రాసి ఇత్తారు."

తెరేసా కోపం సగం దిగింది. "అన్నీ ముందే తెలిసిపోతే ఇంకేం చదువుతారండీ?"

కామేశ్వరి వీధివైపు చూసి గొంతు తగ్గించింది. "తెలిత్తే కదా! పెన్సిలు కనబడగానే కళ్లు చికిలించి దానిమీద బొట్టుబిళ్ళలు అంటించేత్తాను. అయిపోయాక పీకేత్తాను. వణికితే వణికాయి, ఆ వణుకు కోసమే కదే చదివేది! ఆయనకి మాత్రం చెప్పకు. నన్ను కాపాడుతున్నాననుకుంటున్నారు, పిచ్చి మనిషి."

అంతలో కూరల సంచీతో మాస్టారు రానే వచ్చారు. తెరేసా చేతిలో తెరిచి ఉన్న పేజీ చూసి సిగ్గుపడ్డారు. "అదీ... మా ఆవిడ కోసమమ్మా. చెరపడం మర్చిపోతుంటాను. నీకేమైనా ఇబ్బందా? అయితే మానేత్తాను."

ఒక్క మాటంటే పీడ విరగడైపోతుంది. ఆ మాట తెరేసా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒకప్పుడు తనని గడగడలాడించిన మనిషి, ఇప్పుడు హోంవర్కు చెయ్యని పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. మనసొప్పలేదు.

"ఇబ్బందేం లేదండి మాస్టారూ. రాయండి. కాకపోతే కాస్త చిన్నక్షరాలతో రాయండి."

"అలాగేనమ్మా" అని మాస్టారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

వెళ్లొస్తానని కదిలిన తెరేసాని కామేశ్వరి ఆపింది. "ఉండవే, బొట్టివ్వకుండా పంపుతానా?" లోపలికెళ్లి, బొట్టుబిళ్ళల అట్టలు నాలుగు తెచ్చి చేతిలో పెట్టింది.

మాస్టారు తెల్లబోయారు. "అదేంటే, తెరేసా బొట్టు పెట్టుకోదు కదా?"

"ఇకనించి పెట్టుకుంటాది లెండి" అంది కామేశ్వరి.