సరిపోలని సంతకం

ఆ పూట నలభై మూడో కవరును దీపం కిందికి జరిపి, గుమాస్తా భూతద్దాన్ని సంతకం మీద ఆనించాడు. ఎడమచేతి కింద పాత కార్డు, కుడిచేతి కింద కొత్త కవరు. కళ్ళు అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాయి. మొదటి అక్షరం తలకట్టు కార్డులో గుండ్రంగా ఉంది, కవరు మీద విరిగినట్టుంది. అతను పెదవి విరిచి, రబ్బరు ముద్రను ఎర్రసిరాలో అద్ది కవరు మూల మీద ఒత్తాడు. ‘సరిపోలలేదు.’ కవరు కుర్చీ పక్కనున్న రేకుపెట్టెలో పడింది. అందులో పడ్డ కవరును ఇక ఎవరూ విప్పరు. లోపలున్న ఓటు ఎవరికి వేసిందో ఎవరికీ తెలియదు.

ఎన్నికల కార్యాలయంలో అతనికిది ఇరవై ఆరో ఏడు. వంగి వంగి కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. కళ్ళజోడు ఆనేచోట ముక్కుకి రెండువైపులా గుంటలు పడ్డాయి. అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా రిటైరైపోయారు. ఇప్పుడందరికీ ‘భూతద్దంగారు’. కొత్తగా చేరినవాళ్ళు అదే ఇంటిపేరనుకునేవారు. పెళ్ళి సంగతి అడిగేవాళ్ళున్నంతకాలం ‘చూద్దాం’ అంటూ వచ్చాడు. తర్వాత అడిగేవాళ్ళే లేకపోయారు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒంటిగది. ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కంచం. రెండో కంచం అవసరం ఎప్పుడూ రాలేదు. ఆదివారం వస్తే చాలు, ఏం చేయాలో తోచక చొక్కాల గుండీలన్నీ గట్టిగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే లాగి చూసుకునేవాడు.

పోలింగు కేంద్రందాకా రాలేనివాళ్ళు, అంటే ముసలివాళ్ళు, రోగులు, మిల్లులో డ్యూటీ ఉన్నవాళ్ళు, ఓటును కవరులో పెట్టి, పైన సంతకం చేసి తపాలాలో పంపుతారు. ఆ సంతకం ఓటరుగా చేరిననాటి కార్డు మీది సంతకంతో కలవాలి. కలవకపోతే ఆ మనిషికి ఉత్తరం రాయాలి. గడువులోగా అతను స్వయంగా వచ్చి మళ్ళీ సంతకం పెడితే ఓటు చెల్లుతుంది. గడువు ఆ రోజు సాయంత్రం అయిదింటితో సరి. రాసిన ఉత్తరాలు మాత్రం అధికారి గదిలో బీరువా మీద కట్టలుగా అలాగే ఉన్నాయి.

ఈ ఎన్నిక మిల్లు ఆసుపత్రి కోసం జరుగుతోందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకాయన దాన్ని మూసి స్థలం అమ్ముతానంటున్నాడు, ఇంకొకాయన ఉంచుతానంటున్నాడు. మిల్లుపేట మొత్తం రెండో ఆయన వైపే, తోటల కాలనీ మొదటాయన వైపు.

“మీ అంత నిక్కచ్చి మనిషి ఆఫీసులో లేడండీ. అందుకే మిల్లుపేట కట్టలన్నీ మీకే ఇచ్చాను,” అన్నాడు అధికారి వారం కిందట, భుజం మీద చెయ్యి వేసి. “ఏమాత్రం తేడా ఉన్నా ఆలోచించకండి, ముద్ర వేసెయ్యండి.”

తోటల కాలనీ కట్టలు పక్కబల్ల అమ్మాయి ముందు పడేస్తూ, “వీటిని అంత పట్టిపట్టి చూడక్కర్లేదమ్మా, త్వరగా తేల్చెయ్,” అనడం కూడా గుమాస్తా విన్నాడు. విని తల వంచుకున్నాడు. ఎవరైనా తనని మెచ్చుకుని చాలా ఏళ్ళయింది. ఆ మాట చెవిలో ఇంకా వెచ్చగా ఉంది.

నలభై నాలుగో కవరు తీశాడు. ఇంటిపేరు తనదే.

కార్డు మీది సంతకం చేయి తిరిగిన మనిషిది. పొడవాటి తోక చివర కొక్కెంలా పైకి తిరిగింది. కవరు మీద ఆ తోక లేదు. సిరాలో పడి లేచిన చీమ కాగితం మీద పాకినట్టు ఉంది గీత. గుమాస్తా భూతద్దం పక్కన పెట్టేశాడు. అన్నయ్య సంతకాన్ని గుర్తుపట్టడానికి అతనికి అద్దం అక్కర్లేదు.

అన్నయ్య బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో సగం కొట్ల పేర్లు అతని కుంచెలోంచి వచ్చినవే. నాన్న పోయాక తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పలక మీద చెయ్యి పట్టి దిద్దించినవాడు అతనే. ఏడేళ్ళ కిందట మిల్లుపేటలో మూడు వీధులవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలోంచి ఎగిరిపోతే, అన్నయ్య పది మందిని వెంటబెట్టుకుని ఈ ఆఫీసుకే వచ్చాడు. కిటికీ దగ్గర గుమాస్తా కూర్చుని ఉన్నాడు. వెనకాల అధికారి నిలబడి ఉన్నాడు. “ఫారం నింపి తీసుకురండి. తర్వాతివాళ్ళు రండి,” అన్నాడు గుమాస్తా, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు. అన్నయ్య ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పక్కకి తప్పుకున్నాడు. అంతే. ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యకుండానే గుమాస్తా బయటికి నడిచాడు. దారి పొడుగునా మందుల కొట్టు మీద, చెప్పుల కొట్టు మీద, తాళాలు బాగుచేసేవాడి చెక్కపెట్టె మీద అన్నయ్య అక్షరాలే. ఏడేళ్ళుగా వాటి కింద తల దించుకునే నడిచాడు. ఇవాళ తలెత్తి చూశాడు. అక్కడక్కడ రంగు పెచ్చులూడింది.

తలుపు తీసింది వదిన.

“దారి తప్పావా?” అంది.

“అన్నయ్య ఉన్నాడా?”

“ఎక్కడికి పోతాడయ్యా, ఏడాదిగా మంచం మీదే.” పక్కకి జరిగి దారి ఇచ్చింది.

అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సగం మనిషైపోయాడు. దుప్పటి మీద రెండు చేతులూ వాటిమానాన అవి వణుకుతున్నాయి. తమ్ముణ్ణి చూసి నవ్వబోతే దగ్గొచ్చింది.

“వణుకుడు జబ్బట,” అన్నాడు దగ్గు తగ్గాక. “కుంచె పడితే గోడకి బదులు నా మొహానికే రంగు పడుతుంది. కూర్చోరా, నిలబడే పోతావా?”

గుమాస్తా మంచం అంచున కూర్చున్నాడు. “నీ కవరు నా బల్ల మీదికొచ్చింది అన్నయ్యా. సంతకం కలవలేదు.”

వదిన గిన్నె కడగడం ఆపింది.

“అక్షరాలు నీకు దిద్దించింది నేను,” అన్నాడు అన్నయ్య, కోపం లేకుండానే. “ఇప్పుడు నువ్వు నావి దిద్దుతున్నావన్నమాట.”

“అయిదింటిలోపు ఆఫీసుకొస్తే మళ్ళీ పెట్టొచ్చు. రిక్షా మాట్లాడతాను, నేనే ఎత్తుకుంటాను...”

“మెట్లు దిగేలోపే నాకు ఊపిరి అందదురా. అయినా అక్కడికొచ్చి పెడితే మాత్రం చెయ్యి వణకడం మానేస్తుందా?” “ఈ పేటలో సగంమంది చేతులు ఇంతే. వాళ్ళకి మిల్లు మిగిల్చినవి ఇవే. మా అందరివీ ఆ పెట్టెలోకేనా?”

గుమాస్తా దుప్పటి అంచు సరిచేశాడు. అన్నయ్య మళ్ళీ అడగలేదు. లేచేటప్పుడు మాత్రం, “మళ్ళీ ఎప్పుడొస్తావు?” అన్నాడు.

“ఆదివారం.”

“రా. ఆదివారమైతే మరీ పొద్దుపోదు నాకు,” అన్నాడు అన్నయ్య.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి మూడున్నర. గుమాస్తా తిన్నగా అధికారి గదిలోకి వెళ్ళి కవరు ముందు పెట్టాడు.

“ఈ సంతకం ఆయనదే సార్. జబ్బు మనిషి. నేను వెళ్ళి చూసొచ్చాను.”

“మీకెలా తెలుసు ఆయన?”

“మా అన్నయ్య సార్.”

ఆ ఆఫీసులో ఆ మాట పలకడం ఏడేళ్ళు ఆలస్యమైంది. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అయ్యయ్యో. మరి బంధువుల కవరు మీరు చూడకూడదు కదండీ. మీ మాట ఎలా చెల్లుతుంది?” అని సొరుగులోంచి తన ముద్ర తీసి, నెమ్మదిగా, వంకర పోకుండా ఒత్తాడు.

గుమాస్తా బల్ల దగ్గరికొచ్చి రేకుపెట్టెలోంచి చేతికందినన్ని కవర్లు పైకి తీశాడు. విరిగిన తలకట్లు, జారిపోయిన కొమ్ములు, సగంలో ఆగి మళ్ళీ మొదలైన గీతలు. ఇన్నాళ్ళూ అతను తేడా ఉందా లేదా అనే చూశాడు, ఎందుకుందో చూడలేదు. ఇవాళ ఒక్కొక్క గీత వెనకా ఒక్కొక్క చెయ్యి కనిపించింది. వాటిని పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

“ఆ ఉత్తరాలైనా పంపుదాం సార్. గడువు రెండు రోజులు పొడిగిస్తే...”

“ఎన్నికలయ్యాక పంపుదాం లెండి.”

“అయితే ఈ ముద్ర ఇక నేను వెయ్యలేను.”

అధికారికి కోపం రాలేదు. పెద్దగా పట్టించుకోలేదు కూడా. “అలసిపోయారు మీరు. రేపట్నుంచి రికార్డు గదిలో కూర్చోండి,” అన్నాడు. ముద్రా, సిరాడబ్బీ పక్కబల్ల అమ్మాయికి చేరాయి. ఆ పిల్ల గుమాస్తా వంక చూసి, చూపు తిప్పుకుని, పైనున్న కవరు అందుకుంది. అయిదింటికి రేకుపెట్టెకి తాళం పడింది.

ఆదివారం అతను వెళ్ళాడు. అన్నయ్యకి గడ్డం గీశాడు. వదిన ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టి, “నువ్వే తినిపించు,” అంది. తర్వాతి ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుందనగా లెక్కింపు జరిగింది. రికార్డు గదిలో పాత జాబితాల దుమ్ము దులుపుతుంటే వరండాలో చప్పట్లు వినిపించాయి. ఆసుపత్రి మూస్తానన్నాయన రెండు వందల పదిహేడు ఓట్లతో గెలిచాడు. మిల్లుపేట కవర్లు రేకుపెట్టెలో ఆరు వందల నలభై ఉన్నాయని ఆ భవనంలో ముగ్గురికే తెలుసు. పక్కబల్ల అమ్మాయి రికార్డు గది గుమ్మందాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది.

ఈ కబురు అన్నయ్యకి ఎలా చెప్పాలా అనుకుంటూ సాయంత్రం అతను మిల్లుపేటలో అన్నయ్య ఇంటి మెట్లెక్కాడు. తలుపు బార్లా తీసి ఉంది. గదినిండా పేట మనుషులు. వాళ్ళు అతన్ని చూసి దారిచ్చారు.

“మధ్యాహ్నం నిద్దరలోనే,” అంది వదిన. “ఫలితం ఏమైందని అడిగి పడుకున్నాడు. ఇంకా తెలీలేదన్నాను.”

దుప్పటి మీద చేతులు రెండూ కదలకుండా ఉన్నాయి. గుమాస్తా ఆ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

అంతా అయిపోయి జనం పలచబడ్డాక వదిన మంచం కింద తడిమి, మడతలు పడ్డ రూళ్ళ పుస్తకం ఒకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. “కవరు పంపేముందు నెల్లాళ్ళు దీంతోనే కుస్తీపట్టాడు. నువ్వు చూస్తావని తెలుసేమో, నాకైతే చెప్పలేదు,” అని లోపలికి వెళ్ళిపోయింది.

గుమాస్తా పుస్తకం విప్పాడు. మొదటి పేజీ నుంచీ ప్రతి గీత మీదా అదే సంతకం, వందలసార్లు, వణుకుతూ, తోక కోసం ప్రయత్నించి జారిపోతూ. చివరి పేజీల్లో అక్షరాలు కొద్దిగా నిలదొక్కుకున్నాయి. ఆఖరి సంతకానికి, కవరు మీదికి రాని ఆ తోక ఉంది. పొట్టిదే, వంకరే, కాని చివర పైకి తిరిగింది. దాని పక్కనే పుస్తకం మడతలో, రెండువైపులా చెక్కిన పెన్సిలు ముక్క, బొటనవేలంత.