అరక్కు రంగు చేతులు

నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. అననీ. ఆ ఎండాకాలం నేను మింగిన కోపం ఇంకొకరు మింగి ఉంటే మంచం పట్టేవాళ్ళు. "ఓటెందుకు లేమే పంకజాక్షీ, అయ్యే సూసుకుంటాడు కదా" అన్న ప్రతి గడపలోనూ పళ్ళికిలిస్తూ కూర్చున్నాను, ఒకసారి కాదు, పదిసార్లు.

ఎనభై ఒకటిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మాది నగరి పక్క ఊరు. ఊరంతా మగ్గాలే గానీ మా వీధిలో మాత్రం రంగు తొట్లు. నూలుకు రంగు వేసే ఇళ్ళు కాబట్టి రంగుల వీధి అనేవారు. నూలు ఇచ్చేది, రంగు ఇచ్చేది, కూలి ఇచ్చేది ఒక్కడే, జయరామయ్య. సర్పంచీ కూడా ఆయనే. ఓటు రోజు పొద్దున్నే ఆయన గుమస్తా రాజారత్నం వీధిలోకి వచ్చి, "మీరు ఎండలో పడి రావద్దు, మీ ఓట్లు పడిపోయినాయి" అని చెప్పి పోయేవాడు. ఎవరు వేశారో, ఎలా పడ్డాయో అడిగిన మొనగాడు లేడు. రంగునీళ్ళు ఇళ్ళ ముందే నిలిచి పిల్లల కాళ్ళు పుళ్ళు పడుతున్నా, ఒక్క కాలువ తవ్వించమని అడిగినవాడూ లేడు.

ఈసారి ఆయన మీద ఆదిమూలం నిలబడ్డాడు. ఒంటి మగ్గం మనిషి. మా వీధి దేవకమ్మకు సొంత తమ్ముడు. వాళ్ళమ్మ పురిట్లోనే పోతే ఆ పిల్లవాణ్ణి చంకనేసుకుని పెంచింది దేవకమ్మే. ఆదిమూలం నగరి షావుకారు దగ్గర నూలు తెచ్చుకునేవాడు. నేను కండెలు చుట్టేదీ ఆ నూలుతోనే. మా ఇద్దరికీ జయరామయ్య కూలి అక్కర్లేదు, అందుకే మాకు నోరు లేచింది. మిగతా వీధి నోరంతా ఆయన గుప్పిట్లోనే ఉంది.

ఊరికే భయపడలేదు వాళ్ళు. వెనకటి ఎన్నికల్లో ఓబయ్య అనే అతను ఎదుటివాడి జెండా పట్టుకున్నాడని జయరామయ్యకు తెలిసింది. మరునాడు అందరి ఇళ్ళకూ నూలు వచ్చింది, అతని ఇంటికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. నెల తిరక్కుండా ఇంటికి తాళం పెట్టి, పెళ్ళాం పిల్లలతో మద్రాసు పోయి ఇటుకలు మోస్తున్నాడు. ఆ తాళం చూసినప్పుడల్లా మావాళ్ళకు ఓటు గుర్తొచ్చేది.

"ఎవరికి ఏసినామో ఆయనకు తెలిసిపోతాది మే" అనేది మునెమ్మ. మొగుడు పోయి, ఇద్దరు చంటిపిల్లలతో అత్తను సాకుతున్న పిల్ల.

"ఎట్ల తెలుస్తాది? దేవుడికి గూడా తెలీదు" అని నేను.

చెబితే నమ్మలేదు. ఒక సాయంత్రం అందరినీ మా వాకిట్లో పోగేశాను. చీటీల మీద ఒకవైపు గొడుగు, ఒకవైపు తాళంచెవి గీశాను. గొడుగు ఆదిమూలం గుర్తు, తాళంచెవి జయరామయ్యది. తడిక చాటుకు ఒక్కొక్కరే పోయి, ఇష్టమైన బొమ్మ మీద బొగ్గు చుక్క పెట్టి, మడిచి కుండలో వేయమన్నాను. తర్వాత కుండ కుమ్మరించి, "ఏది ఎవరిదో సెప్పండి సూస్తాం" అన్నాను. దేవకమ్మ ప్రతి చీటీనీ తిప్పి తిప్పి చూసింది. చివరికి పెద్దగా నవ్వి, "నాది నేనే కనుక్కోలేకపోతా ఉండాను" అంది. ఆ నవ్వుతో వీధి భయం సగం దిగింది. నేను సంబరపడి మునెమ్మ చెయ్యి పట్టుకుని, "నీ ఓటు బయటపడితే నా పేరు మార్చుకుంటాను" అని ఒట్టు పెట్టాను. ఆ పిల్ల నా మాట మీదే ఓటుకు ఒప్పుకుంది.

పోలింగ్ ముందురోజు జయరామయ్య బండెడు నూలు దింపించాడు. పెళ్ళిళ్ళ చీరలట, అంతా అరక్కు రంగు కావాలట. అరక్కు అంటే మా వైపు ముదురు ఎరుపు. పని ఆపితే అనుమానం వస్తుందని మావాళ్ళు అనుకున్నారు. తెల్లవారుజామునే తొట్ల కింద పొయ్యిలు వెలిగించి, ఒక వాయి ముంచి ఆరేసి, అలాగే బడికి వచ్చారు. అక్కడే పోలింగ్. పుట్టినప్పటి నుంచీ రంగు చేతులే కాబట్టి వాళ్ళ చేతులు వాళ్ళకు కనిపించవు. నిజం చెప్పాలంటే నాకూ కనిపించలేదు.

నేను ఆదిమూలం తరఫు ఏజెంటుగా లోపల బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కనే, జయరామయ్య ఏజెంటుగా రాజారత్నం. ఆడది ఏజెంటా అని పొద్దుటి నుంచీ మూతి వంకర పెట్టుకునే ఉన్నాడు. ఊరంతటికీ బూత్ అదొక్కటే, రెండు నేతవీధుల ఓట్లూ మా వీధి ఓట్లూ ఆ ఒక్క పెట్టెలోనే. ఎంతమంది కలిస్తే అంత మంచిదని లోలోపల మురిసిపోయాను.

మా వీధి నుంచి మొదట వచ్చింది మునెమ్మే. తడిక చాటుకు పోయింది. ముద్ర గుద్దింది. కాగితం మడిచి పెట్టె దగ్గరికి వచ్చింది. ఎండలో నిలబడి నిలబడి చేతులు చెమటతో తడిసి ఉన్నాయి. ఆ తెల్లకాగితం మీద బొటనవేలంత ఎర్రటి మరక.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అరక్కు రంగు చేతికి పట్టుకుంటే వారం దాకా పోదు. చెమట పడితే మాత్రం తాకిన చోటల్లా అంటుకుంటుంది. ఆ బూత్‌లో ఎర్ర చేతులున్నది మా వీధికి ఒక్కదానికే. సాయంత్రం ఇక్కడే లెక్కింపు. ఎర్ర మరకలున్న కాగితాలన్నీ గొడుగు కుప్పలో పడితే ఇక పేర్లు చదవక్కర్లేదు. ఈ వీధికి నూలు ఆపేసి పుత్తూరులో రంగు వేయించుకోవడం జయరామయ్యకు చిటికెలో పని.

ఓరగా చూశాను. రాజారత్నం కూడా ఆ కాగితాన్నే చూస్తున్నాడు. మునెమ్మ పెట్టెలో వేసి, నా వంక చూసి, చిన్నగా నవ్వి పోయింది. తర్వాత ఇంకొకామె వచ్చింది. మళ్ళీ ఎరుపు. ఆ తర్వాత ఇంకొకామె. లోపల ఓటర్లతో మాట్లాడకూడదు. నోరు తెరిస్తే బయటికి పంపిస్తారు. రాజారత్నం తొడ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు, చూడు వాడి కులాసా! బెంచీ తీసి నెత్తిన కొట్టాలనిపించింది.

"నీళ్ళు తాగొస్తాను సార్" అని అధికారిని అడిగి బయటపడ్డాను.

మా వీధి వరస ఇంకా సగం మిగిలే ఉంది. పరుగెత్తి, "సేతులు కడుక్కోండి, సేతులు!" అని గొంతు తగ్గించి అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. ఒకామె అరచేయి పట్టుకుని నా చీర కొంగుకు రుద్ది చూపించాను. కొంగు ఎర్రబడింది. అప్పుడు అందరి ముఖాలూ పాలిపోయాయి. బోరింగు దగ్గరికి పరుగు. మట్టితో రుద్దారు, వేపాకుతో రుద్దారు. తడి తగిలేకొద్దీ రంగు ఇంకా దిగుతోంది. ఒక ముసలామె రుద్దీ రుద్దీ చర్మం లేపుకుని, "ఇప్పుడేం సేసేది తల్లీ, నువ్వే గదా రమ్మన్నావు" అని ఏడ్చింది. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

దేవకమ్మ మాత్రం చేతులు కడుక్కోలేదు. నన్ను గోడ వారకు లాగింది.

"లోపలికి పోయినోళ్ళవి అన్నీ అంటుకున్నాయా?"

"అన్నీ."

"మునెమ్మది?"

"అందరికంటే ముందు దానిదే అక్కా. రాజారత్నం సూసినాడు. నేను దానికి ఒట్టు పెట్టినాను. దాని బతుకు నా సేతుల్తో నేనే తీసినాను." వరసలో మిగిలినవాళ్ళ వైపు చూశాను. "మీరన్నా ఇళ్ళకు పోండి. మిగిలినోళ్ళన్నా బతుకుతారు."

"మేం ఇంటికి పోతే, ముందు ఏసినోళ్ళకు ఏం ఒరుగుతాది? ఆ మరకలు పోతాయా?" దేవకమ్మ తన అరచేతుల్ని తిప్పి చూసుకుంది. "నువ్ లోపలికి పో. బయట ఎక్కువసేపుంటే ఆ గుమస్తాగాడు ఇంకోటి అనుకుంటాడు. పో."

పోయాను. చేసేదేముంది. కాసేపటికి మిగిలినవాళ్ళు వరసగా వచ్చారు, దేవకమ్మ ముందు, మిగతా పది పన్నెండు మంది వెనక. ఒక్కరూ నా ముఖం చూడలేదు. భయంతో అనుకున్నాను. పెట్టెలో పడే ప్రతి కాగితమూ ఎర్రగానే ఉంది.

అయిదింటికి తలుపులు వేసి, పెట్రోమాక్స్ లైటు తెచ్చి, లెక్కింపు మొదలుపెట్టారు. జయరామయ్య వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఆదిమూలం నా వెనక నిలబడ్డాడు. అతనికి నేను మరకల సంగతి చెప్పలేదు.

మొదటి ఎర్ర కాగితం గొడుగుకు. రాజారత్నం గొంతు సవరించుకున్నాడు. రెండోది గొడుగు. మూడోది గొడుగు. "సార్, ఇవి మరకలు పడిన ఓట్లు" అన్నాడు వినయంగా. "ముద్ర సరిగ్గా ఉంటే మరక ఉన్నా చెల్లుతుంది" అన్నాడు అధికారి. చెల్లకూడదని కాదు వాడి ఆశ. ఎర్రవి ఎన్ని ఉన్నాయో యజమానికి వినబడాలని. జయరామయ్య తలెత్తి చూశాడు. మునెమ్మ పిల్లలూ ఓబయ్య ఇంటి తాళమూ కళ్ళముందు తిరిగాయి. దేవుడా, ఒక్కటైనా వేరేగా పడనీ అని మొక్కాను. అలాంటి మొక్కు మొక్కిన ఏజెంటు ఇంకెక్కడా ఉండదు.

ఆ తర్వాత వచ్చిన ఎర్ర కాగితం మీద ముద్ర తాళంచెవి మీద ఉంది.

రాజారత్నం దాన్ని లైటు దగ్గరికి వంగి చూశాడు. ఇంకోటి, తాళంచెవి. మధ్యలో రెండు గొడుగు. మళ్ళీ తాళంచెవి. కుప్పలు రెండూ పెరిగాయి, రెండింట్లోనూ ఎరుపు కలిసిపోయింది. రాజారత్నం కిటికీ దగ్గరికి పోయి వంగి ఏదో చెప్పాడు. జయరామయ్య అన్న మాట నాకు వినిపించింది.

"ఏ ఇంటోళ్ళు ఏసినారో ఏ ఇంటోళ్ళు ఎయ్యలేదో ఎట్ల తెలుస్తాది? మనకేసినోళ్ళ కడుపు గూడా కొట్టమంటావా? ఊరుకోప్పా."

గుండెల మీద నుంచి బండరాయి దించినట్టయింది. అది ఒక్క నిమిషమే. అధికారి లెక్క చదివాడు. ఆదిమూలం ఓడిపోయాడు. ఇరవై ఓట్ల తేడా కూడా లేదు. వెంటనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా వాకిట్లో నా కాఫీ తాగి, నా ముందు నవ్వి, లోపలికి పోయి తాళంచెవి మీద గుద్దిన ఆ పది పన్నెండు మంది ఎవరు? వాళ్ళు ఇటు గుద్ది ఉంటే ఆదిమూలం సర్పంచీ కదా!

నేరుగా దేవకమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో ఆరేసిన నూలు తీసి మడతపెడుతోంది.

"నీ తమ్ముడు ఓడిపోయినాడు. మన వీధిలోనే ఉండారు ఎదవ ముండలు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు! ఎవరో నాకు తెలియాల. ఒక్కొక్కరి జుట్టు పట్టుకుని—"

"నా జుట్టు పట్టుకో" అంది దేవకమ్మ.

"నీదెందుకక్కా?" అన్నాను.

"నేనే సెప్పినాను. వరసలో నా ఎనక నిలబడినోళ్ళందరికీ. ముందు పోయినోళ్ళ మరకలు మనం తుడవలేం, ఆయన కుప్పలో గూడా మన మరకలు పడాల అని. ఏడ్సుకుంటానే ఏసినారు, వాళ్ళను ఏమీ అనబాక." నూలు మడత పక్కన పెట్టింది. "నా బతుకులో నా సేత్తో ఏసిన మొదటి ఓటు. ముద్ర ఎత్తి శానాసేపు అట్లనే పట్టుకున్నాను. గొడుగే కనపడతా ఉండాది. ఇంగ కళ్ళు మూసుకుని గుద్దినాను."

"ఓడిపోతాడని అనుకోలేదా అక్కా?"

"అనుకున్నాను. ఆదిమూలానికి నగరి నూలుండాది. మునెమ్మకు ఏముండాది?"

నేను గడప మీదే కూలబడి ఏడ్చాను. తిట్టడానికి వచ్చినదాన్ని, ఆమె పాదాలు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే తిడుతుందని ఊరుకున్నాను.

అంతలో వాకిట్లో అడుగుల చప్పుడు. ఆదిమూలం. చొక్కా అంతా చెమట, ముఖం పీక్కుపోయి ఉంది. దేవకమ్మ గబుక్కున కళ్ళు తుడుచుకుంది. ఆమె చెంపల మీద ఎరుపు అంటుకుంది.

అతను అక్క పక్కన చతికిలబడి, ఆమె చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు.

"పోతే పోయిందిలే. ఊరు ఊరంతా ఎయ్యకపోయినా మా అక్క ఓటు నాకు పడింది. నాకదే సాలు." తలెత్తి నన్ను చూశాడు. "నువ్ లోపలే ఉన్నావు గదా పంకజాక్షీ, సూసినావా, అక్క ఓటేసేది?"

దేవకమ్మ నా వంక చూడలేదు.

"సూసినాను" అన్నాను. "నీకే ఏసింది."