వదినను తడిపిన రోజు

ఎంతటి మనిషి చేతనైనా, మనసు ఇసుమంత కూడా నొచ్చుకోకుండా, మా గుమ్మం బయటే స్నానం చేయించగల మొనగాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఇది గొప్పలు పోవడం కాదు, ఉన్నమాట. కరెంటు మనిషి, బీమా ఏజెంటు, ఒకసారి ఏకంగా మా ఆఫీసు పెద్దసారు, అందరూ మా గేటు పక్కనున్న స్నానాలగదిలోకి నవ్వుతూ వెళ్లి నవ్వుతూ బయటికొచ్చినవాళ్లే. పెద్దసారైతే, "మళ్లీ ఎప్పుడు పిలుస్తావోయ్?" అని అడిగి మరీ వెళ్లాడు.

ఇదేం చాదస్తమని ముక్కున వేలేసుకోకండి. ముక్కుతోనే వచ్చింది చిక్కంతా. మా ఆవిడకు రసాయనాల వాసన పడదు. మట్టి వాసన, ఉల్లిపాయలు వేగే వాసన ఆమెను ఏమీ చెయ్యవు. సీసాల్లోంచీ డబ్బాల్లోంచీ వచ్చేవే చేస్తాయి. సెంటు, గోడల రంగు, ఫినాయిలు, కొత్త చెప్పుల జిగురు, జుట్టుకు వేసుకునే రంగు, ఇవి సోకితే చాలు, తల పగిలిపోతుంది, ఊపిరి బిగుసుకుంటుంది, మాట తడబడుతుంది. డ్రైక్లీనింగ్ దుకాణంలో ఏళ్ల తరబడి పనిచేసి, ఒకనాడు కౌంటరు దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటినుంచీ ఇంతే. ఒక డాక్టరు, "మీ మనసులో ఏదో ఉందమ్మా" అన్నాడు. "నా మనసులో ఏమీ లేదు, మీ చొక్కా మీదే ఉంది సెంటు" అని లేచి వచ్చేసింది. చివరికి ఒక డాక్టరమ్మ మాత్రం, "ఏవేవి పడవో చూసుకుని వాటిని ఇంట్లోంచి వెళ్లగొట్టండి. మీరు మాత్రం ఇంట్లో హాయిగా ఉండండి" అంది.

వెళ్లగొట్టాం. హాయిగానే ఉన్నాం. మా ఇంట్లో పేపరు రాగానే చదవరు. తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసి, సిరా వాసన పోయాక మర్నాడు చదువుతారు. అందుకే ఎక్కడ ఏ ప్రభుత్వం పడిపోయినా, మా ఇంట్లో ఇంకో రోజు నిలబడే ఉంటుంది. కొత్త చొక్కా కొంటే వంటసోడా నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండేసి, మళ్లీ ఉతికి, అది కొత్తదన్న సంగతి అదే మరిచిపోయాక నా ఒంటిమీదికి వస్తుంది. పక్కింటి పెయింటరు తన సొంత తలుపుకు రంగు వేసుకోవాలన్నా ముందు గోడ మీంచి కేకేస్తాడు. "అక్కా, రేపు గాలి ఎటు?" గాలి మావైపైతే తలుపు ఆగుతుంది. పాపం, ఆ తలుపుకు నడివయసు వచ్చేసింది, ఇంకా రంగు పడలేదు. సాయంత్రం అయ్యేసరికి వీధిలోవాళ్లు ఒంటికి ఏ వాసనా లేకుండా వచ్చి, మా అరుగు మీద చదరంగంలో మా ఆవిడ చేతిలో ఓడిపోయి వెళుతుంటారు.

అన్నీ ఉన్నా, మా ఆవిడకు ఒక్కటే వెలితి. వాళ్ల అక్క.

మా వదిన ఆడవాళ్లకు జుట్టు కత్తిరించి రంగులేసే పార్లరు నడిపిన మనిషి. తన జుట్టు చూస్తే కాకి కూడా సిగ్గుపడి గూట్లోకి పోవాల్సిందే, అంత నలుపు. ఇక సెంటంటారా, ఆవిడ బస్సెక్కితే తేనెటీగలు వెంటపడేవి. ఒకసారి బస్సు వెనకద్దానికి పట్టు కూడా కట్టాయి. కండక్టరు దానికీ టిక్కెట్టు అడిగాడు.

కొన్నేళ్ల కిందట ఆవిడ పెట్టెతో సహా మా గేటు ముందు దిగింది. నేను ఇంట్లో లేను. మా ఆవిడ అరుగు మీంచే చెయ్యి అడ్డం పెట్టి, "అక్కా, ఏమనుకోకు, ముందు స్నానం చేసి బట్టలు మార్చుకో" అంది.

"ఇంటికొచ్చినదాన్ని కడిగి లోపలికి తీసుకెళ్లడానికి నేనేమైనా వంకాయనా?" అని మా వదిన వచ్చిన కారులోనే వెనక్కి వెళ్లిపోయింది. అంతే. ఆ తర్వాత ఎప్పుడో ఒక ఫోను, "బాగున్నావా", "బాగున్నా", టక్కున పెట్టేయడం.

అలాంటిది, ఒకరోజు ఫోను చేసి, "ఎల్లుండి వస్తున్నా" అంది. మా ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. దుప్పటి ఉతికిందే ఉతికింది. ఆ సంబరంలోనే నన్ను పిలిచి మెల్లగా చెప్పింది.

"ఏమండీ, ఈసారి అక్క ముందు స్నానం మాట ఎత్తకండి."

"ఎత్తకపోతే నువ్వు మంచమెక్కుతావు కదే!"

"ఎక్కితే ఎక్కుతా. తలనొప్పి నాలుగు రోజులుంటే పోతుంది. అక్క పోతే మళ్లీ రాదు."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. స్నానం చెయ్యమంటే వదిన పోతుంది, అనకపోతే మా ఆవిడ పడిపోతుంది. అయితే మొనగాణ్ణని చెప్పానుగా! ఒక ఎత్తు వేశాను. వదిన కారు దిగే వేళకు నేను గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పెడుతుంటాను. పైపు పొరపాటున ఆవిడ వైపు తిరుగుతుంది. ఆవిడ తడిసి ముద్దవుతుంది. తడిసిన మనిషి స్నానాలగదికి తనంతట తనే పోతుంది. ఎవరి మర్యాదా పోదు.

ఆ రోజు రానే వచ్చింది. పైపు పట్టుకుని నిలబడ్డాను. కారు జాడ లేదు. వీధి మలుపులోంచి వెలిసిపోయిన నూలు బట్టలు కట్టుకున్న ముసలావిడ ఒకామె చేతిసంచితో నడిచి వచ్చి, సరిగ్గా నేను గురిచూసుకున్న చోటే ఆగింది. తల తెల్లగా పత్తికాయ పగిలినట్టుంది. మొహం సరిగ్గా చూడలేదు, నా కళ్లు రావాల్సిన కారు కోసం మలుపు మీదే ఉన్నాయి.

"అమ్మా, కాస్త పక్కకు జరగండి. ఇక్కడ ఒకావిడను తడపాలి" అన్నాను.

"ఎవర్ని?"

"మా వదినను."

"ఏం, ఆవిడకు దాహమా?"

మాట తీరు నచ్చి, నోట్లో నువ్వుగింజ నానని నేను సంగతంతా చెప్పేశాను. సెంటు, తేనెటీగలు, వంకాయ, మా ఆవిడ తలనొప్పి, నా ఎత్తు, ఒక్కటీ దాచలేదు. "ఆవిడ మంచిదేనమ్మా, కాకపోతే బెల్లంకొట్టిన రాయి. చెప్తే వినదు, తడిపితేనే దారికొస్తుంది" అని కూడా అన్నాను.

ఆవిడ సంచి కింద పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని, "తడుపు మరిదీ, చూద్దాం" అంది.

గుండె జారింది. దాంతోపాటు చేతిలో పైపూ జారింది. జారిన పైపు పాములా మెలికలు తిరిగి వదినను నెత్తి నుంచి పాదాల దాకా తడిపేసింది.

"వదినా! నువ్వా? ఆ జుట్టేమిటి?"

"జుట్టే. రంగు మానేశా. తెల్లది పెరిగేకొద్దీ నల్లదాన్ని కత్తిరిస్తూ, అదంతా పోయేదాకా ఆగి వచ్చా. కారులో ఏదో వాసన బిళ్ల వేలాడుతోందని మలుపులోనే దిగి నడిచా. పొద్దున ఉత్త నీళ్లతో తలంటుకుని మరీ వచ్చా. ఇప్పుడు నువ్వు రెండోసారి పోశావు."

చూశారా నా మొనగాడితనం! స్నానం చేసే వచ్చిన మనిషికి స్నానం చేయించడానికి రెండు రోజులు ఎత్తులు వేశాను. నిజానికి ఆ కరెంటు మనిషి కూడా ఇప్పటికీ నాతో మాట్లాడడు.

ఈ గొడవకు మా ఆవిడ బయటికొచ్చింది. అలవాటు కొద్దీ అరుగు అంచునే ఆగింది. ఒక మెట్టు దిగింది. ముక్కు కాస్త ఎగబీల్చింది. ఇంకో మెట్టు దిగింది. తర్వాత ఇక మెట్లు లెక్కపెట్టినట్టు లేదు, వచ్చి అక్క తడి తలలో మొహం పెట్టేసింది.

"అక్కా, నీకు ఏ వాసనా లేదే!"

"ఉంది. కుళాయి నీళ్ల వాసన. నీ మొగుడి పుణ్యం."

"జుట్టంతా ఇలా చేసుకున్నావేంటే?"

"పార్లరు మూసేశాక ఎవరి కోసం రంగు? అద్దం కోసమా? అద్దం కంటే చెల్లెలే నయమనిపించింది. అద్దం ఎప్పుడూ చదరంగం ఆడదు."

మర్నాడు మా ఆవిడ తలపట్టుకుని లేచింది. వదిన మొహం పాలిపోయింది. సంచిలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ మంచం మీంచే ఆ సంచి లాక్కుని వాసన చూసి, "దీని లోపలి గుడ్డ కొత్తది. వెళ్లాల్సింది ఇది, నువ్వు కాదు" అని నా చేతికిచ్చింది. తీసుకెళ్లి పేపరు పక్కన తీగ మీద ఆరేశాను. కాసేపు బయటి గాలికి కూర్చుని, సాయంత్రానికి మా ఆవిడ తేరుకుని, అక్కను చదరంగంలో ఓడించింది. వదిన పావులు మళ్లీ సర్దుతూ, "ఓడించేదాకా కదలను" అంది. ఇంకా ఓడించలేదు. సంచి ఇంకా తీగ మీదే ఉంది.

ఇదంతా జరిగింది జరిగినట్టే రాశాను. తేనెపట్టు సంగతి కూడా, కండక్టరు వరకూ నిజమే. ఒక్కచోట మాత్రం కల్పించాను. పైపు చేతిలోంచి జారిందన్నాను కదా, జారలేదు. వదిన నడుము మీద చెయ్యి వేసుకుని "తడుపు, చూద్దాం" అంటే, ఊరుకునే మరిది ఎక్కడైనా ఉంటాడా?